తొక్కని బ్రేకు

బోథ్ బజారులో పత్తి మిల్లు గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు అంబదాసుది. పద్మశాలీల ఇంట్లో పుట్టి, మగ్గం గుంటలో కాళ్ళు పెట్టాల్సిన వయసులో మోటార్ల కింద దూరిన మనిషి. హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్త. ఆ చుట్టుపక్కల తిరిగే మోటార్లను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు కనుక, అంబదాసు పనితనం గురించి బజారులో ప్రతివాడికీ ఒక అభిప్రాయం ఉండేది. నేసిన బట్ట చెడితే మడిచి ఇంట్లో పెట్టుకోవచ్చు. మోటారు చెడితే నలుగురూ నిలబడి చూస్తారు.

అసలే అంబదాసుకు సిగ్గెక్కువ. ఎవరైనా ఒక్క మాట అంటే అన్నం సహించేది కాదు. రాత్రంతా ఆ మాటకు జవాబు వెతుక్కుంటూ పడుకునేవాడు. జవాబు దొరికేసరికి అన్నవాడు ఆ సంగతే మరిచిపోయి ఉండేవాడు.

ఆ పుష్యమాసంలో బుచ్చిరాములు కారు అతని చేతికి వచ్చింది. బుచ్చిరాములు కిరాయికి కారు నడిపేవాడు. పట్నంలో ఎవరో జాగీర్దారు వదిలించుకున్న పాత నల్ల కారు. దాని బ్రేకు లైనింగులు అరిగిపోయాయి. లైనింగులంటే చక్రం డ్రమ్ము లోపల ఒరుసుకుని బండిని ఆపే పట్టీలు. అరిగిన పట్టీల్లోంచి రివిట్లు బయటికి వచ్చి డ్రమ్మును గీకుతుంటే అంబదాసు అన్నీ ఊడదీసి కొత్తవి బిగించాడు. పని శుభ్రంగానే చేశాడు. కానీ బ్రేకు తొక్కితే షెడ్డు ముందు ఆగాల్సిన కారు, అంతయ్య చాయ్ హోటల్ దాటిపోయి ఆగింది.

గొట్టాల్లో హవా చేరిందేమో అనుకున్నాడు. బుచ్చిరాములును పెడల్ తొక్కమని, తను ఒక్కో చక్రం దగ్గర స్క్రూ వదులు చేసి, బుడగలు ఆగేదాకా బ్రేకు ఆయిలు వదిలాడు. పెడల్ రాయిలా గట్టిపడింది. అయినా కారు జారుతూనే ఉంది. కాలు చెప్పే మాట చక్రం దాకా పోతోంది, చక్రమే వినడం లేదు. పట్టీలను డ్రమ్ముకు ఇంకాస్త దగ్గరగా జరిపి చూశాడు. కొత్త లైనింగులు కదా, కొంచెం రాపిడి పడితే పట్టుకుంటాయని బుచ్చిరాములుకు చెప్పి ఊరవతలి దాకా నడిపించి తీసుకొచ్చాడు. ముక్కులకు కమురు వాసన తగిలింది గానీ బ్రేకు ముందున్నంత కూడా లేకుండా పోయింది.

"అంబదాసు చేసిన బ్రేకు బోథ్‌ల తొక్కితే ఇచ్చోడల పడ్తదిరా," అన్నాడు అంతయ్య చాయ్ వడపోస్తూ.

హోటల్ ముందు కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. బుచ్చిరాములు కూడా నవ్వాడు. అంబదాసు మెడ దాకా ఎర్రబడిపోయి, తల ఎత్తకుండా జాకీ పెట్టి చక్రం లేపాడు. ఇంకేమీ తోచక డ్రమ్ము ఊడగొట్టాడు.

లోపలంతా ఎర్రగా ఉంది.

కొత్త లైనింగు మీద ఎవరో నూనెలో కలిపిన సింధూరం దట్టంగా రుద్దారు. వేడికి కరిగి పట్టీ అంతా పీల్చుకుంది. మిగతా చక్రాలు కూడా విప్పి చూశాడు. అన్నింట్లోనూ అదే.

"ఎవ్వలు పెట్టిండ్రు గిది?" అన్నాడు.

షెడ్డు పక్కన అరుగు మీద కూర్చున్న పోశవ్వ మెల్లగా లేచింది. బుచ్చిరాములు తల్లి. కొడుకు కారు ఎక్కడుంటే అక్కడికి వచ్చి కూర్చునే అలవాటు ఆమెది.

"నేనే పెట్టిన బిడ్డా. నువ్వు బువ్వకు పోయినప్పుడు చక్రాలు ఇప్పి ఉన్నయి గదా... గా డ్రమ్ములు తీసి రాసి, మళ్ళ తొడిగిన. కొండగట్టు అంజన్న సింధూరం."

అంబదాసు ఒంట్లోకి ప్రాణం లేచొచ్చింది. తప్పు తనది కాదు. ఆ సంగతి అంతయ్యకూ, చాయ్ తాగేవాళ్ళకూ, మిల్లు గేటు దగ్గరి వాళ్ళకూ వినబడాలని గొంతు పెంచాడు.

"ఎడ్లబండి ఇరుసుకు కందెన పెడ్తె తిరుగుతది అవ్వా. మోటారు బ్రేకుకు నూనె పెడ్తె మనుషులు సస్తరు. గింతన్న తెల్వదా?"

"తిరగాలనే పెట్టిన," అంది పోశవ్వ. "ఘాట్ల గా మలుపుకాడ చక్రం ఆగద్దని. మేం పత్తి బండ్లు కట్టుకోని నిర్మల్ పోయేటప్పుడు గట్లనే చేస్తుంటిమి. ఘాట్ దిగక ముందే కందెనల సింధూరం కలిపి ఇరుసుకు పెడ్తుంటిమి. గాడ ఏ బండి ఆపకపోతుండె."

"ఆపితే ఏమైతుండె?" అన్నాడు అంతయ్య, నవ్వాపుకుంటూ.

పోశవ్వ ఏదో చెప్పబోయింది. చుట్టూ మూగిన మొహాలు చూసింది. అందరి పెదాల మీదా నవ్వు సిద్ధంగా ఉంది. ఆమె కొంగు తల మీదికి లాక్కుంది.

"ఇంటికి పో అవ్వా," అన్నాడు బుచ్చిరాములు నేల చూస్తూ. "బజార్ల ఇజ్జత్ తీసినవ్."

ఆమె వెళ్ళిపోయింది. ముసలామెను అంతమందిలో అంత గట్టిగా అనాల్సింది కాదని అంబదాసుకు అప్పుడే అనిపించింది. కానీ జనం తనను చూసి కాక ఆమెను చూసి నవ్వుతున్నారు. ఆ సుఖం ముందు తక్కిన సంగతి చిన్నదైపోయింది.

లైనింగులను పెట్రోలులో కడిగాడు. మంట మీద కాల్చాడు. గరుకు కాగితంతో రుద్దాడు. చల్లారేసరికి పట్టీల్లోంచి మళ్ళీ ఎర్రగా చెమ్మ ఊరింది. ఇక లాభం లేదని, ఇంకొక కారు కోసం తెప్పించి దాచిన కొత్తవాటిని తీసి రివిట్లు కొట్టాడు. డ్రమ్ములు అద్దంలా తుడిచాడు. ఈసారి ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. చక్రాలన్నీ బిగించి, ఊరవతల పట్టీలకు రాపిడి పడేదాకా తొక్కించి తెచ్చాడు. షెడ్డు ముందు తొక్కమంటే కారు గీత గీసినట్టు ఆగింది.

అంతటితో ఊరుకుంటే అంతయ్య అంతయ్య ఎందుకవుతాడు.

"ఖాళీ బండి బజార్ల ఆపుడు గొప్పనా? ఘాట్ దిగితె తెలుస్తది. గంత నమ్మకముంటె నీ పెండ్లాన్ని ఎక్కియ్యి. ఎట్లన్న నిర్మల్ పోయేదే గదా."

అంబదాసు భార్య నర్మదకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకు పుట్టింటికి నిర్మల్ పంపాలని, మర్నాడు పొద్దున బస్సుకు అన్నీ సర్ది పెట్టారు. ఈ సంగతి బజారంతటికీ తెలుసు. నవ్వేసి ఊరుకోవాల్సిన మాట అది. అంబదాసుకు నవ్వడం చేతకాదు.

"ఎక్కిస్త. నేను గూడ కూసుంట," అన్నాడు.

బుచ్చిరాములుకు మర్నాడు నిర్మల్ నుంచి కొండగట్టుకు కిరాయి ఉంది. ఎలాగూ ఆ సాయంత్రమే బయల్దేరాలి. పోశవ్వ కూడా కొడుకుతో పాటు వచ్చి అంజన్న దర్శనం చేసుకోవాలనుకుంది గానీ, ఇప్పుడు ఇంటి తలుపు వేసుకుని కూర్చుంది. ఎంత పిలిచినా పలకలేదు.

"మునిమాపు యాల ఎందుకయ్యా? రేపు పొద్దుగాల బస్సుకు పోత," అంది నర్మద.

"బజార్ల మాటిచ్చిన."

"నా కడుపు మీదనా మాటిచ్చుడు?"

నర్మద అతని మొహం చూసింది. నూనె మరకల కింద ఆ మొహం ఎంత వాడిపోయి ఉందో గమనించింది. మూట తీసుకుని వచ్చి కారు వెనక సీట్లో కూర్చుంది. భర్త నలుగురిలో చిన్నబోకూడదని ఆమె ఎక్కింది. అది అంబదాసుకు తెలుసు. తెలిసీ తలుపు తనే వేశాడు.

నేరడిగొండ దాటేసరికి ఎండ పడమటి చెట్ల వెనక్కి పోయింది. ఘాటు మొదలయ్యే చోట చలి ఒక్కసారిగా పెరిగింది. రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు. రాలిన పెద్ద పెద్ద ఆకులు చక్రాల కింద ఎండు అప్పడాల్లా విరుగుతున్నాయి. లోయలోంచి తడి మట్టి వాసన వస్తోంది. బుచ్చిరాములు దీపాలు వేశాడు.

మొదటి మలుపు దగ్గర బ్రేకు తొక్కాడు. కారు కుదుపు లేకుండా నెమ్మదించింది. రెండో మలుపు దగ్గరా అంతే. బుచ్చిరాములు పక్కకు తిరిగి చూసి తల ఊపాడు.

"మస్తుగ పడ్తుంది తమ్మీ. కొత్త బండికి గూడ గిట్ల పడదు."

అంబదాసుకు గుండె నిండినట్టయింది. వెనక్కి తిరిగి, "కుదుపు తెలుస్తుందా?" అని అడిగాడు. నర్మద ఒక చేయి కడుపు మీద, ఒక చేయి సీటు మీద పెట్టుకుని కూర్చుంది. లేదన్నట్టు తల ఊపింది. ఆమె పక్కన, పోశవ్వ కూర్చోవాల్సిన చోటు ఖాళీగా ఉంది. మూట కాళ్ళ దగ్గర పెట్టుకుంది.

ఇంకా దిగారు. చీకటి పడింది. అడవిలో వెలుతురు పోవడానికి ఎక్కువ సేపు పట్టదు. ఒకవైపు కొండరాయి, ఇంకోవైపు మోకాలెత్తు పిట్టగోడ, దాని అవతల ఏమీ లేదు. ఇంజను చప్పుడు కొండకు తగిలి తిరిగి వస్తోంది. కొంతసేపటికి ఆ తిరిగి వచ్చే చప్పుడు ఆగిపోయింది. ఇంజను నడుస్తూనే ఉంది. దాని చప్పుడు కొండకు తగలడం లేదు.

ఎదురుగా మలుపు.

ఎడమవైపు ఒంగిన మామూలు మలుపు. గుడి లేదు, రాయి లేదు, గుర్తు ఏమీ లేదు. ఇదే ఆ మలుపా అని అంబదాసుకు అనుమానం వచ్చింది. అడగడానికి సిగ్గేసింది. పగలు నవ్విన మాటను చీకట్లో ఎలా అడుగుతాడు?

కారు ఆగింది.

మెల్లగా... కుదుపు లేకుండా... ఎంతో చక్కగా ఆగింది.

"ఎందుకాపినవే?" అన్నాడు అంబదాసు.

బుచ్చిరాములు రెండు చేతులతో స్టీరింగు పట్టుకుని, కళ్ళు కిందికి దించి తన కాళ్ళ వైపు చూస్తున్నాడు.

"బుచ్చన్నా."

"నేను తొక్కలే," అన్నాడు బుచ్చిరాములు. "చూడు... నేను తొక్కలే."

అంబదాసు వంగి చూశాడు. బుచ్చిరాములు కాళ్ళు రెండూ సీటు కిందికి ముడుచుకుని ఉన్నాయి. బ్రేకు పెడల్ మాత్రం కిందికి అణిగి ఉంది. ఎవరో నిండుగా, ఓపిగ్గా తొక్కి పట్టినట్టు...

స్ప్రింగు ఇరుక్కుంది అనుకున్నాడు. అలా అనుకోవడం తప్ప అతనికి వేరే దారి లేదు. చేయి కిందికి పెట్టి పెడల్‌ను పైకి లాగాడు. రాలేదు. మళ్ళీ లాగాడు. వేళ్ళకు చల్లగా ఏదో తగిలింది. ఇనుము చల్లదనం కాదు. మెత్తగా ఉంది. చటుక్కున చేయి తీసేశాడు.

వెనక తలుపు తెరుచుకుంది.

చలి లోపలికి వచ్చింది. దాంతో పాటు ఎండుగడ్డి వాసన. చాలాకాలంగా కప్పి ఉంచిన పత్తి వాసన. కారు వెనక భాగం కొంచెం కిందికి దిగింది. ఒక మనిషి ఎక్కి కూర్చుంటే దిగినంత...

తలుపు మూసుకుంది. గట్టిగా కాదు. వేళ్ళు నలగకుండా జాగ్రత్తగా వేసుకున్నట్టు.

"ఇటు కూసో అవ్వా," అంది నర్మద.

మామూలుగా అంది. బస్సులో పక్కనెవరైనా వచ్చి కూర్చుంటే అన్నట్టే. ఆమె సీట్లో ఆ చివరికి జరిగిన చప్పుడు వినబడింది.

పెడల్ దానంతటదే పైకి లేచింది. కారు ముందుకు కదిలింది.

తల వెనక్కి తిప్పాలి. భార్య అక్కడ ఉంది. కడుపులో బిడ్డ ఉంది. తిరిగి చూడాలి, చేయి పట్టి కిందికి దించాలి, ఎత్తుకునైనా నిర్మల్ దాకా నడవాలి. అంబదాసు మెడ కదల్లేదు. భయం సరే. భయం కంటే ముందు ఇంకొకటి అడ్డం వచ్చింది. తిరిగి చూస్తే ఒప్పుకున్నట్టు అవుతుంది. ముసలామె చెప్పింది నిజమని, బజారులో ఆమె నోరు మూయించింది తనేనని, నర్మద వద్దంటున్నా ఎక్కించింది తనేనని.

"మంచిగ ఆగింది," అన్నాడు బుచ్చిరాములు. "నీ పని... మంచిగుంది."

"ఆఁ," అన్నాడు అంబదాసు.

ఘాటు దిగేదాకా, ఆ తరవాత నిర్మల్ దాకా ఇద్దరూ రోడ్డే చూస్తూ కూర్చున్నారు. వెనక నుంచి అప్పుడప్పుడు నర్మద గొంతు వినబడుతోంది. ఎవరో అడుగుతున్నట్టు, ఆమె చెబుతున్నట్టు. "మొదటిదే... లే, ఇంకా పేరు అనుకోలే... అవ్వగారింటికే..." అడిగేవారి మాట మాత్రం వినబడలేదు. వెనక సీటు కనబడే అద్దం బుచ్చిరాములు తల పైనే ఉంది. అతను దాన్ని పైకప్పు వైపుకు తిప్పేశాడు.

నిర్మల్‌లో అత్త శంకరవ్వ లాంతరు, నీళ్ళ చెంబు పట్టుకుని గుమ్మం ముందుకు వచ్చింది. నర్మద దిగింది. దిగి, కారు తలుపు వెంటనే వేయకుండా కొంతసేపు పట్టుకుని నిలబడింది. తరవాత మెల్లగా వేసింది. చెంబు అందుకుని కాళ్ళు కడుక్కుంది. మిగిలిన నీళ్ళు ఒంగి తన పక్కన నేల మీద, ఎవరి కాళ్ళకో పోస్తున్నట్టు మెల్లమెల్లగా పోసింది.

"ఇంకెవ్వరచ్చిండ్రు?" అంది శంకరవ్వ లాంతరు ఎత్తి.

"ఎవ్వలు లేరు," అన్నాడు అంబదాసు. ఆ మాట నర్మద మొహం చూసి అనలేకపోయాడు.

బోథ్‌కు తిరిగి వచ్చాక బుచ్చిరాములు ఆ సంగతి ఎత్తలేదు. బ్రేకు గురించి మాత్రం అందరికీ చెప్పాడు. ఘాటులో కారు ఎంత చక్కగా ఆగిందో చెప్పాడు. అంతకన్నా చెప్పడానికి అతనికీ మొహం చెల్లలేదు. అంతయ్య చాయ్ గ్లాసు పట్టుకుని షెడ్డు దాకా వచ్చి, "తమ్మీ, గా రోజు పరాచికమాడిన, మనసుల పెట్టుకోకు," అన్నాడు. ఇచ్చోడ నుంచి, ఆసిఫాబాద్ నుంచి బండ్లు వచ్చాయి. అన్నీ ఘాటు దిగేవే. అంబదాసు అన్నింటికీ లైనింగులు వేశాడు. పొగిడినవాళ్ళ మొహాల వైపు చూడలేక చక్రాల వైపు చూస్తూ మాట్లాడేవాడు.

ఒకరోజు ధైర్యం చేసి పోశవ్వ దగ్గరికి వెళ్ళాడు. ఆమె గడప మీద కూర్చుని చేటలో జొన్నలు చెరుగుతోంది.

"అవ్వా, గాడ ఆపినోళ్ళకు ఏమైతుండె?"

పోశవ్వ చేట ఆపలేదు. "నాకేం తెలుసు బిడ్డా," అంది. "నేను తెల్వనిదాన్ని."

అంబదాసు తల వంచుకుని వచ్చేశాడు.

కొడుకు పుట్టాడని కబురు వస్తే నిర్మల్ వెళ్ళాడు. పట్టపగలు. ఇల్లంతా సాంబ్రాణి వాసన. వాకిట్లో బాలింత బట్టలు ఆరేసి ఉన్నాయి. లోపలి గదిలో నర్మద మంచం మీద కూర్చుంది. మంచం నడిమిలో కాదు. ఒక కొసకు, సగం గాలిలో ఉన్నట్టు ఒదిగి కూర్చుంది. మిగతా మంచమంతా ఖాళీగా ఉంది. ఆమె చిక్కిపోలేదు, ఏడవలేదు. మామూలుగానే ఉంది. అంబదాసుకు కాస్త ఊపిరి ఆడింది. ఆ ఖాళీలో కూర్చోబోయాడు.

"గాడ కూసోకు," అంది నర్మద మెల్లగా.

ఆమె మొహంలో కోపం లేదు. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు మగడు తెలియక తప్పు చేస్తే భార్యకు కలిగే సిగ్గు మాత్రం ఉంది.

ఎవరున్నారని అడగాలి. ఇప్పుడైనా అడగాలి. అంబదాసు గొంతు దాకా వచ్చింది. అంతలో శంకరవ్వ పళ్ళెంలో అన్నం పెట్టుకుని వచ్చింది.

"కూసో అల్లుడా, తిను. నిర్మల్ల గూడ అందరు నీ మాటే చెప్తుండ్రు. నీ చెయ్యి పడ్డ బండి ఎక్కడంటె అక్కడ ఆగుతదట గదా."

అంబదాసు తల వంచుకున్నాడు. వంచుకున్న తల బిడ్డ వైపు తిరిగింది.

బిడ్డ మంచం మీద ఖాళీ చోట పడుకుని ఉన్నాడు. కింద బొంత లేదు, తలగడ లేదు, నులక ఒక్కటే. నర్మద చేతులు రెండూ ఆమె ఒళ్ళోనే ఉన్నాయి. బిడ్డ వీపు నులకకు ఆనలేదు. తొడ మీద పడుకోబెట్టుకుంటే ఎంత ఎత్తులో ఉంటాడో అంత ఎత్తులో ఉన్నాడు. కళ్ళు మూసుకుని, మెల్లగా అటూ ఇటూ ఊగుతూ నిద్రపోతున్నాడు.

"తిను కొడుకా, సల్లారుతది," అంది శంకరవ్వ.

అంబదాసు పళ్ళెం అందుకున్నాడు.